పంపుహౌసు దగ్గర నాలుగు నిమిషాలు

పోయిన రోజు పొద్దున ప్రొఫెసరు చేసిన ఆఖరి పని, తడిసిన బూట్లలో కాగితాలు కుక్కడం.

ఆ రోజు ఆదివారం. తెల్లవారుతూనే మొదలైన వాన ఎనిమిదింటికి వెలిసింది. ఆయన ఎప్పటిలాగే పరుగుకి వెళ్ళి, ముద్దగా తడిసి వచ్చి, పెరటి గుమ్మం మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పాడు. ఇంట్లో వదిలి వెళ్ళిన కళ్ళద్దాలు భార్య తెచ్చిస్తే పెట్టుకున్నాడు. పక్కనే ఉన్న పేపర్లోంచి ఆదివారం అనుబంధం లాగి, ఆ కళ్ళద్దాల్ని నుదుటి మీదకి తోసేసి, ఆరో పేజీలో అడుగున ఉన్న వ్యాసాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివాడు. చదివాక ఆ పేజీని నిలువునా రెండుగా చింపి, ఒక ముక్క కుడి బూటులోనూ ఒక ముక్క ఎడమ బూటులోనూ కుక్కాడు.

ఆ వ్యాసం రాసిన మనిషి ఎదురుగానే కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆయన తమ్ముడు.

"ఈ వారం బాగా రాశావురా," అన్నాడు ప్రొఫెసరు. "పోయినవారం దానికి ఇంత పీల్చే గుణం లేదు."

మామూలుగా అయితే తమ్ముడు దానికి తగిన జవాబు ఏదో ఒకటి పడేసేవాడు. ఆ రోజు గొంతు దాకా వచ్చిన మాట ఒకటి అడ్డం పడి ఉంది. అది తొమ్మిదేళ్ళుగా అలా వస్తూనే ఉంది, కాఫీతో పాటు దిగిపోతూనే ఉంది. ఆ రోజూ దిగిపోయింది. వచ్చే ఆదివారం చెప్పేద్దాం, ఈయన ఎక్కడికి పోతాడు, అనుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి పిలవబోయిన వదినకి ఆయన పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని కనిపించాడు. మామూలు నిద్రే అనుకుని ఆమె ఇంకో పది నిమిషాలు పడుకోనిచ్చింది. అప్పటికే అది నిద్ర కాదు.

వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట: పరిగెత్తి పరిగెత్తి గుండె అలిసిపోయింది. ప్రొఫెసరు ఈ మాట ముందే ఊహించాడు. "నేను తొంభయ్యో ఏట మంచం మీంచి దొర్లిపడి పోయినా సరే, చూశారా, పరిగెత్తకుండా ఉండి ఉంటే ఇంకా బతికేవాడు అంటారు," అనేవాడు. అరవై ఏడో ఏట పోయాడు కాబట్టి జనానికి ఆ మాట అనడం ఇంకా సులువైంది.

*

అన్నదమ్ములిద్దరిలో పెద్దవాడికి బుర్రా చిన్నవాడికి నోరూ పంచి ఇచ్చాననీ, కాళ్ళు మాత్రం ఇద్దరికీ ఇవ్వడం మరిచిపోయాననీ వాళ్ళమ్మ అనేది. బడిలో ఆటల పోటీల రోజున పెద్దవాడికి ఎప్పుడూ ఒకటే ఉద్యోగం. పరుగు పందెం ముగిసేచోట కట్టే దారానికి ఒక చివర పట్టుకుని నిలబడడం. గెలిచినవాడి ఛాతీకి తగిలి ఆ దారం తెగినప్పుడల్లా ఈయన చేతిలో జానెడు ముక్క మిగిలేది. పదేళ్ళ చదువులో తనకి పందెంలో దక్కింది అదేనని ఆయన చెప్పుకునేవాడు.

ఒక్కసారి మాత్రం ఇద్దరూ కలిసి మూడుకాళ్ళ పందెంలో దిగారు. అన్న కుడికాలికీ తమ్ముడి ఎడమకాలికీ తుండుగుడ్డ కట్టారు. ఈల మోగింది. తమ్ముడు "ఎడమ" అని అరిచాడు. అన్న కదల్లేదు.

"ఎవరి ఎడమ?" అన్నాడు.

మిగతా జంటలన్నీ ఆ చివరకి చేరి, పడ్డవాళ్ళు లేచి దుమ్ము దులుపుకునే సరికి కూడా వీళ్ళిద్దరూ బయల్దేరిన గీత మీదే ఉన్నారు. విషయం తేలందే అడుగు వెయ్యడం ఎలాగని అన్న, ఏ కాలో ఒకటి వేసి చావమని తమ్ముడు. ఆ రోజే తెలిసిపోయింది ఎవడు లెక్కల మేష్టారవుతాడో, ఎవడు జీవితాంతం అరుస్తూ బతుకుతాడో. అయితే తమ్ముడికి అరిచే ఉద్యోగం కూడా దొరకలేదు. ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దే పనిలో చేరి, ఇతరుల తప్పులు వెతుకుతూ ముప్పై అయిదేళ్ళు గడిపాడు. ఆదివారం వ్యాసం రాయడానికి మనిషి దొరకని ఒక వారం అతన్ని రాయమన్నారు. మళ్ళీ మనిషి కోసం వెతకడం మరిచిపోయారు. తన సాహిత్య జీవితం అలా మొదలైందని అతనే చెప్పుకుంటాడు. దాచినా దాగేది కాదు.

అన్న పరుగు మొదలుపెట్టింది నలభై ఒకటో ఏట, ఒక బస్సు వల్ల. చంకలో జవాబు పత్రాల కట్ట పెట్టుకుని, కదులుతున్న బస్సు వెంట ముప్పై అడుగులు పరిగెత్తి, ఊపిరాడక రోడ్డు పక్కన చెప్పులు కుట్టే అతని పెట్టె మీద కూలబడ్డాడు. అతను మంచినీళ్ళిచ్చి, ఇంకో బస్సు వస్తుంది కదా సార్, ఈ మాత్రానికి ప్రాణం మీదకి తెచ్చుకోవడం ఎందుకని మందలించాడు. మర్నాడు ప్రొఫెసరు క్లాసులో దాన్నే లెక్కగా ఇచ్చాడు. బస్సు వేగం ఇంత, మనిషి వేగం ఇంత, మధ్య దూరం ఇంత. మనిషి బస్సుని ఎంతసేపటికి అందుకుంటాడు? వెనక బెంచీ నుంచి ఒక గొంతు వచ్చిందట: "అందుకోడు సార్. నిన్న నేను ఆ బస్సులోనే ఉన్నాను."

అంతే. ఆ వారమే బూట్లు కొన్నాడు.

మొదట్లో వీధి చివరి దాకా. తర్వాత విశ్వవిద్యాలయం ప్రహరీ చుట్టూ ఒక చుట్టు. ఏడాది తిరిగేసరికి ఊరవతల కాలవ గట్టు మీద పదిహేను, ఇరవై కిలోమీటర్లు. వేగం మాత్రం పెరగలేదు. పాల సైకిళ్ళు ఆయన్ని దాటిపోయేవి. పెరుగు గిన్నె చేత్తో పట్టుకుని జాగ్రత్తగా నడిచే ఒకావిడ ఒకసారి దాటిపోయిందని ఆయనే అందరికీ చెప్పాడు. విద్యార్థులు నత్త మాస్టారు అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి ఆయన నొచ్చుకోలేదు సరికదా, నత్త పోయిన దారిలో కనీసం తడి గీత ఒకటి మిగులుతుంది, నా వెనక అదీ ఉండదు, వాళ్ళు నన్ను మరీ పొగిడారు అన్నాడు.

విశ్వవిద్యాలయంలో ఆయన గది కింది అంతస్తులో వరండా చివర ఉండేది. కిటికీ తీస్తే సైకిళ్ళ షెడ్డు. గదిలో మూడు కుర్చీలు. ఒకదానికి కాలు పొట్టిదైతే దాని కింద ఎవరిదో బైండు చేసిన పరిశోధన గ్రంథం పెట్టారు. తలుపు వెనక మేకుకి కోటు, కోటు కింద పరుగు నిక్కరు. ఒకసారి పెద్దాయనెవరో తనిఖీకి వచ్చి మర్యాదకి తలుపు వేస్తే, ఆ నిక్కరు ఆయన భుజం మీద పడింది. ప్రొఫెసరు కంగారు పడలేదు. అది కూడా ఈ శాఖ పరిశోధనలో భాగమేనన్నాడు.

ఇక అసలు పరిశోధన. ముప్పై నాలుగేళ్ళలో ఆయన పేరు మీద నిలిచింది ఒక చిన్న ఫలితం. ప్రపంచంలో అది అర్థమైనవాళ్ళు నలుగురున్నారనీ, వాళ్ళలో ఇద్దరు ఒప్పుకోలేదనీ ఆయన లెక్క. దానిలో చిక్కుముడి విడిపోయింది గది లోపల కాదు, కాలవ గట్టు మీద. పరుగు మధ్యలో దారి తట్టింది. ఇంటికెళ్ళేలోగా మరిచిపోతానని భయమేసి, నిక్కరు జేబులో మిగిలిన సుద్దముక్క తీసి పంపుహౌసు గోడ నిండా రాసేశాడు. పంపుహౌసు కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు. ఇంత వయసొచ్చి గోడల మీద పిచ్చిరాతలేమిటని నిలదీసి, తడిగుడ్డ చేతికిచ్చి తుడవమన్నాడు. ప్రొఫెసరు వినయంగా పైనుంచి తుడుచుకుంటూ వచ్చి, ఐదో వరుస దగ్గర ఆగి, "ఇది తప్పు," అన్నాడు.

"అదే కదయ్యా నేను చెప్పేది," అన్నాడు కాపలాదారు.

తర్వాతి రోజుల్లో ఆ కాపలాదారు ఆయనకి మంచి స్నేహితుడయ్యాడు. గోడ మీద రాసినదానికి మొట్టమొదటి విమర్శకుడని ప్రొఫెసరు అతన్ని అందరికీ పరిచయం చేసేవాడు.

*

పదమూడేళ్ళ కిందట తమ్ముడు పత్రికాఫీసులో ప్రూఫు మీదే తల వాల్చి పడిపోయాడు. క్షణం సేపే. ఆ ప్రూఫు ఏ రాజకీయ నాయకుడి ప్రసంగమో, నిద్రపోయాడనే అనుకున్నారు. అన్న మాత్రం వదల్లేదు, చెవి పట్టుకుని డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాడు. డాక్టరు రకరకాల పరీక్షలు చేసి, తమ్ముణ్ణి బయట కూర్చోమని అన్నతో ఏదో మాట్లాడి, చివరికి ఇద్దరికీ కలిపి ఒక్క ముక్క చెప్పాడు: నడవాలి. తమ్ముడు ఆ వారమే నడక మీద వ్యాసం రాశాడు. పొద్దున్నే చేతులూపుకుంటూ పోయే జనం, ఎక్కడికీ వెళ్ళేది లేకుండా వెళ్ళి, వెళ్ళిన చోట ఏ పనీ లేకుండా తిరిగొస్తారని వెక్కిరించాడు. దానికి పాఠకుల నుంచి మూడు ఉత్తరాలొచ్చాయి. అతని వ్యాసాల చరిత్రలో అది రికార్డు.

నెల తిరక్కుండా ఒక సాయంత్రం అన్న అతని ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి, కాస్త సిగ్గుపడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"ఒరేయ్, నాకో సాయం కావాలి. ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గరకొచ్చేసరికి నా బుర్ర పనిచెయ్యడం మానేస్తోంది. రెండూ రెండూ ఎంతో తెలీదు. ఎంతసేపైందో అక్కడెవరైనా చెబితే గానీ లాభం లేదు."

"వాచీ పెట్టుకో."

"చెమటకి జారుతుంది. అయినా అద్దాలు లేకుండా పరిగెత్తేవాడికి వాచీ ఎందుకు?"

"ఎక్కడ నిలబడాలి?"

"పంపుహౌసు దగ్గర. అక్కడికి బండ్లు రానివ్వరు. బస్సు దిగి రెండున్నర కిలోమీటర్లు నడవాలి. కష్టమే. నీ వల్ల కాదంటే చెప్పు, ఇంకెవరినైనా చూసుకుంటాను."

పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పిన మనిషి దగ్గరకి ఒక గణితం ప్రొఫెసరు వచ్చి, నా లెక్క నువ్వు చూడరా అంటే కాదంటాడా? తమ్ముడి ఛాతీ అంగుళం పెరిగింది. పొట్ట అంతకు రెట్టింపు ముందుంది కాబట్టి ఎవరూ గమనించలేదు.

ఆ ఆదివారం నుంచి అదే పని. విశ్వవిద్యాలయం ఆటల విభాగం పారేసిన స్టాప్ వాచీ ఒకటి అన్న తెచ్చిచ్చాడు. తమ్ముడు దాన్ని కుడిచేతిలో, నీళ్ళ గ్లాసుని ఎడమచేతిలో పట్టుకుని, పంపుహౌసు అరుగు ముందు దేవుడి గుడి ద్వారపాలకుడిలా నిలబడేవాడు. వెళ్ళేటప్పుడు రెండున్నర, వచ్చేటప్పుడు రెండున్నర. దారి పొడుగునా అన్నని తిట్టుకుంటూ నడిచేవాడు. "మీరు నడుస్తున్నట్టు లేదు, నేలే మిమ్మల్ని మోసుకుపోతున్నట్టుంది," అనేది అతని భార్య. అన్న కోసం తాను చేస్తున్న ఈ త్యాగం గురించి అతను మొత్తం నాలుగు వ్యాసాలు రాశాడు.

అన్న దూరంగా మలుపులో చుక్కలా కనిపించేవాడు. దగ్గరకొచ్చాక తమ్ముడు టైము గట్టిగా చెప్పేవాడు. ఆయన తల ఊపి, కుడిచేత్తో గ్లాసు అందుకుని, ఎడమచేత్తో తమ్ముడి కుడి మణికట్టు గట్టిగా పట్టుకునేవాడు. తూలిపోకుండా ఆసరా. తల వంచుకుని పావు నిమిషం అలాగే నిలబడి, నీళ్ళు తాగి, గ్లాసిచ్చేసి వెళ్ళిపోయేవాడు. ఆ పావు నిమిషమే తమ్ముడికి వారం మొత్తానికి బలం. "వారానికోసారి గణితశాస్త్రం బరువంతా నా ముంజేతి మీద ఆనుతుంది," అని రాసుకున్నాడు. అచ్చయ్యాక ఆ వాక్యాన్ని పదిసార్లు చదువుకున్నాడు. ప్రొఫెసరు ఆ పేజీని కూడా బూట్లలోనే పెట్టాడు.

*

అన్నకి ఒకటే కోరిక. మారథాను, అంటే నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు, నాలుగు గంటల లోపు పూర్తి చెయ్యాలి. ఊళ్ళో ఏటా జరిగే పందెంలో ఏటా దిగేవాడు. నాలుగు గంటల పదకొండు నిమిషాలు, నాలుగు గంటల ఆరు, నాలుగు గంటల రెండు. నేను ఒక పరిమితిని సమీపిస్తున్నాను, చేరను, అదే నా బతుకంతా చెప్పిన పాఠం, అని నవ్వేవాడు. కానీ యాభై ఎనిమిదో ఏట మాత్రం నవ్వలేదు. మోకాలు మొరాయిస్తోంది, ఇదే ఆఖరి అవకాశం అన్నాడు. కాగితం మీద లెక్క వేసి తమ్ముడికిచ్చాడు: పంపుహౌసు దగ్గరకి రెండు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలకి రావాలి. వస్తే చాలు, మిగతాది కాళ్ళు చూసుకుంటాయి.

పందెం రోజున రోడ్లన్నీ మూసేశారు. తమ్ముడు మామూలు కంటే రెట్టింపు దూరం నడవాల్సొచ్చింది. ఆలస్యమవుతుందన్న భయంతో, యాభై నాలుగేళ్ళ వయసులో, ఎండలో, అతను కాస్త పరిగెత్తాడు కూడా. పంపుహౌసు చేరేసరికి కళ్ళ ముందు మిణుగురులు. అరుగు మీద చెయ్యి ఆనించి ఊపిరి కూడదీసుకుంటుండగానే మలుపులో చుక్క కనిపించింది.

ముప్పై ఎనిమిది దాటింది. చుక్క ఇంకా చుక్కగానే ఉంది. ముప్పై తొమ్మిది. నలభై. అన్న మొహం సుద్దలా పాలిపోయి ఉంది. ఒక కాలు ఈడుస్తున్నాడు. ఎదురుగా వచ్చి ఆగేసరికి స్టాప్ వాచీ రెండు నలభై ఒకటి చూపించింది.

మూడు నిమిషాలు వెనక. ఆ మాట చెబితే ఈ మనిషి ఇక్కడే కూలిపోతాడు అనిపించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క అంకె తప్పు పోనివ్వనివాడు, ఎదుటివాడి అచ్చుతప్పుకి వారం రోజులు వేళాకోళం చేసేవాడు, నోరు తెరిచి చెప్పాడు:

"రెండు ముప్పై ఏడు. ఒక నిమిషం ముందున్నావు."

అన్న తలెత్తి అతని మొహంలోకి చూశాడు. చిన్నగా నవ్వాడు. గ్లాసు తీసుకుని, మణికట్టు పట్టుకున్నాడు. పావు నిమిషం అయింది. వదల్లేదు. అర నిమిషం. తల వంచుకుని అలాగే నిలబడ్డాడు. వెళ్ళు, వెళ్ళు అని తమ్ముడు గింజుకున్నాడు. నిమిషం నిండాక గానీ వదల్లేదు.

"కూర్చో కాసేపు. నడిచి వెళ్ళకు. కాపలాదారుని అడిగి పంపుహౌసు వాళ్ళ జీపులో పో," అని మాత్రం అని, కాలీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

ఒక నిమిషం ముందున్నానన్న ధీమాతోనే కదా ఇలా తీరిగ్గా నిలబడ్డాడని తమ్ముడికి అప్పుడు తట్టింది. వెనక్కి పిలిచి నిజం చెప్పాలనుకున్నాడు. చేతిలో వాచీ వంక చూసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

నాలుగు గంటల సున్నా నిమిషాల నలభై సెకన్లు. అదీ ఆ ఏడు ఫలితం.

మోకాలు ఆ తర్వాత మళ్ళీ మారథానుకి ఒప్పుకోలేదు. ప్రొఫెసరు ఎవరైనా అడిగితే, నా జీవితాశయానికీ నాకూ మధ్య నలభై సెకన్లే తేడా, ఈ దేశంలో ఇంత దగ్గరకొచ్చినవాళ్ళెంతమంది అనేవాడు. అది విన్నప్పుడల్లా తమ్ముడికి కాఫీ చేదెక్కేది. పంపుహౌసు దగ్గర దండగైన ముప్పావు నిమిషం తన ఖాతాదే. జాలి పడి నాలుగు నిమిషాలు దానం చేశాడు, అన్న దగ్గర ఉన్న నలభై సెకన్లు కూడా ఊడ్చేశాడు. ప్రతి విషయం మీదా వ్యాసం రాసే మనిషి దీని మీద ఒక్క వాక్యం రాయలేదు.

కాలం గడిచేకొద్దీ అన్న పరుగు ఇరవై కిలోమీటర్లకీ, పదికీ, చివరికి ఎనిమిదికీ తగ్గింది. వాన పడ్డ రోజు తప్ప, పంపుహౌసు డ్యూటీ మాత్రం తగ్గలేదు. ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తేవాడికి మధ్యలో టైము చెప్పే మనిషి ఎందుకని తమ్ముడికి ఒక్క ఆదివారం కూడా తట్టలేదు. బుర్ర పెద్దవాడికి వెళ్ళిపోయిందని వాళ్ళమ్మ ఊరికే అనలేదు.

*

అన్న పోయిన పది రోజులకి తమ్ముడు వదిన దగ్గరకి వెళ్ళాడు. బూట్లు పెరటి మెట్టు మీద అలాగే ఉన్నాయి. వాటిలోంచి అతని వ్యాసం చివర్లు బయటకి కనిపిస్తున్నాయి. వదిన ఆయన బల్ల సర్దుతోంది. ఆవిడ మాటల మనిషి కాదు, ఇంట్లో ఇద్దరు వాగుడుకాయలుండగా మూడో మనిషికి ఛాన్సెక్కడిదని అంటుంది.

అతను నిలబడే చెప్పేశాడు. రెండు నలభై ఒకటిని రెండు ముప్పై ఏడు అన్నాననీ, ఆ ధీమాతో అన్నయ్య ఆగిపోయాడనీ, తొమ్మిదేళ్ళుగా చెప్పలేక చచ్చాననీ.

వదిన సర్దడం ఆపలేదు.

"ఆయనకి తెలుసు," అంది.

"ఏం తెలుసు?" అన్నాడు.

"ఆ రోజు ఇంటికి రాగానే బూట్లయినా విప్పలేదు. డాక్టరుకి ఫోను చేశారు. మా తమ్ముడి నాడి నిమిషానికి నూట ముప్పై రెండు, మధ్య మధ్య ఒక దెబ్బ తప్పుతోంది, పూర్తి నిమిషం చూశాను, నమ్మకంగా చెబుతున్నాను అన్నారు. ఆ తర్వాత నాతో చెప్పి నవ్వారు. వాడు నాకు నాలుగు నిమిషాలు దానం చేశాడే అని."

ఆ పందెం అయిన వారంలోనే డాక్టరు పిలిపించి, ఏదో ఉచిత శిబిరం అని చెప్పి మళ్ళీ పరీక్షలన్నీ చేసి, ఒక మాత్ర రాసిచ్చిన సంగతి తమ్ముడికి గుర్తొచ్చింది. ఆ మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాడు. ఉచిత శిబిరాల మోసం గురించి వ్యాసం కూడా రాశాడు.

"నాడి చూశాడా?" అన్నాడు.

"మరి పదమూడేళ్ళూ ఏం పట్టుకున్నారనుకున్నావు? వారానికి ఒక్కసారైనా నడిచిన వెంటనే నాడి చూడాలని మొదట్లోనే డాక్టరు ఆయనతో చెప్పాడు. నువ్వు నడవవు, చెయ్యి చూపించవు. అడిగితే దాని మీదో వ్యాసం రాస్తావు. అందుకని పంపుహౌసు. బండ్లు రాని చోటు కోసం రెండు రోజులు వెతికారు."

తమ్ముడు అన్న కుర్చీలో కూర్చున్నాడు. ప్రూఫులు దిద్దే మనిషికి ఏదో ఒక తప్పు దొరక్కపోతే తోచదు. వెతికాడు. దొరికింది.

"కుదరదు వదినా. నాడి చూడాలంటే గడియారం చూడాలి కదా. గడియారం నా చేతిలోనే ఉంది, నిజమే. కానీ పరుగులో ఆయనకి కళ్ళద్దాలుండవు. రెండు నలభై ఒకటి అని ఆయనకెలా కనిపిస్తుంది?"

వదిన బల్ల మీదున్న కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, అతని చేతిలో పెట్టింది. వాటిని నుదుటి మీదకి తోసుకుని పేపరు చదివే అన్నని పరధ్యానపు ప్రొఫెసరంటూ అతను ఎన్ని వ్యాసాల్లో ఆడుకున్నాడో లెక్కలేదు.

"అవి దూరానికి," అంది వదిన. "దగ్గరివి ఆయనకి అద్దాలు తీస్తేనే కనిపించేవి."